కట్టేసిన తాత

"కట్టేసిన తాత ఎక్కడమ్మా?" అని అడిగాడు ఎర్రటోపీ పెద్దమనిషి, దుర్భిణికి కన్ను ఆనించకముందే.

దుర్భిణి అక్కకి నవ్వొచ్చింది. ఆ కొండల్లో బండలకి పేర్లు పెట్టేది జీపు డ్రైవర్లు. ఒకడు ఏనుగు తల అన్న బండనే ఇంకొకడు బోర్లించిన బిందె అంటాడు. వచ్చినవాళ్ళు ఇద్దరికీ తలూపి, రెండు పేర్లతోనూ ఫొటోలు తీసుకుని పోతారు. ఈ కట్టేసిన తాత కూడా అలాంటి బండే అయ్యుంటాడు, పొద్దుపోని ఏ డ్రైవరు నోట్లోనో మొన్నీమధ్య పుట్టుంటాడు అనుకుంది.

"ఆ బండ సంగతి నాకు తెలీదండీ. ముందు జలపాతం చూడండి. ఎడమ కన్ను మూసుకోండి," అంటూ దుర్భిణిని ఎర్రచుక్క దగ్గరికి తిప్పింది.

కొండకొమ్ము చివర కట్టిన ఇనుప బురుజు అది. నడుమ దిమ్మ మీద పెద్ద దుర్భిణి. దాని కింద తిరిగే చట్రం మీద ఆమె గోళ్ళరంగుతో చుక్కలు పెట్టుకుంది. జలపాతానికి ఎరుపు, మంచు శిఖరానికి తెలుపు, వేలాడే వంతెనకి గులాబీ. చుక్కకి చుక్క కలిపితే చాలు, చూడాల్సింది ఎదురుగా వచ్చి నిలబడుతుంది. పొద్దున్నే మెత్తటి పాతగుడ్డతో అద్దాలు తుడిచాక శిఖరం మీద ఒకసారి సరిచూసుకుంటే, మళ్ళీ మర్నాటిదాకా దానిలోకి చూసే పని ఆమెకి లేదు. మిఠాయి కొట్టువాడు మిఠాయి తింటూ కూర్చుంటాడా? చెయ్యి ఆనించకండి, అద్దం మీద ఊపిరి వదలకండి, ఇంక వెనకవాళ్ళకి చోటివ్వండి. రోజంతా ఈ మాటలతోనే గడిచిపోతుంది.

"జలపాతం ఏముందమ్మా, ఎండిపోయి తడిగోడలా ఉంది," అన్నాడు ఎర్రటోపీ, కన్ను తీసేసి.

ఆయన భార్య అందుకుంది. "మా మరిది పోయిన నెల వచ్చినప్పుడు చూశాట్ట. బండ కాదమ్మా, నిజం మనిషే. లోయకి అవతల ఒంటిల్లు, వాకిట్లో గుంజకి ఒక ముసలాయన్ని కట్టేసి ఉంచుతారట. వెళ్తే తప్పకుండా చూసి రండి అన్నాడు."

దుర్భిణి అక్క చెయ్యి చట్రం మీదే ఆగిపోయింది. లోయకి అవతల ఒకప్పుడు ఇళ్ళు చాలానే ఉండేవి. ఇప్పుడు మనుషులున్న ఇల్లు ఒక్కటే. అది ఆమె పుట్టిల్లు.

ఆమె నోరు తెరిచేలోగా ఎర్రటోపీ దుర్భిణిని తనే తిప్పేసుకున్నాడు. ఎర్రచుక్క, తెల్లచుక్క, గులాబీ చుక్క అన్నీ దాటిపోయాయి. చుక్కలేని చోట కాసేపు అటూ ఇటూ వెతికి, "దొరికాడు! దొరికాడే!" అని కేకేశాడు. భార్య చూసింది. వెనక వరసలో ఉన్నవాళ్ళు కూడా ముందుకొచ్చారు. ఎవరో ఫోను తీసి అద్దానికి ఆనించారు.

"అయ్యో, దూడని కట్టినట్టు కట్టారండీ."

"మండుటెండలో! చెంబెడు నీళ్ళయినా పెట్టలేదు చూడండి."

"వీళ్ళు మనుషులేనా?"

"చెయ్యి ఊపుతున్నాడు! మనకే ఊపుతున్నాడు!" అని ఒకావిడ నవ్వి, తిరిగి చెయ్యి ఊపింది.

అందరూ అయ్యాక దుర్భిణి అక్క వంగి కన్ను ఆనించింది. అద్దం మీద తనే ఊపిరి వదిలిందేమో, మొదట అంతా మసగ్గా ఉంది. గుడ్డతో తుడిచి మళ్ళీ చూసింది. రేకుల కప్పు. వాకిలి. గుంజ. గుంజ నుంచి తాడు. తాడు చివర ఒక ముసలాయన తలగుడ్డ విప్పి, దులిపి, ఎడమ వైపు నుంచి మళ్ళీ చుట్టుకుంటున్నాడు. చుట్టుకుని, రెండు అరచేతుల్లో ఉమ్మేసుకుని, రుద్దుకున్నాడు. గునపం పట్టుకోబోయేముందు అలా రుద్దుకునే మనిషి ఆమెకి ఈ భూమ్మీద ఒక్కడే తెలుసు. నాన్న! కన్ను తీసి ఎదురుగా చూస్తే లోయ అంతా పచ్చగా, ప్రశాంతంగా, బొమ్మ గీసినట్టు ఉంది. మళ్ళీ కన్ను పెడితే నాన్న, తాడు.

"మీకు తెలిసినాయనా అమ్మా?" అని అడిగింది ఎర్రటోపీ భార్య, ఆమె మొహం చూసి.

"కాదండీ," అంది దుర్భిణి అక్క.

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని తెలియడానికి ఆమెకి కొంచెంసేపు పట్టింది. అప్పటికి ఎర్రటోపీ వాళ్ళు మెట్లు దిగిపోయారు.

కింద టికెట్టు గదిలో ఉండే మీసాలాయన అది విని ఆశ్చర్యపోయాడు. ఆయన ఆశ్చర్యం వేరు. "అదేంటి, నీకు తెలీదా? నీకు సెలవైన రోజుల్లో వచ్చేవాడు చూపిస్తూనే ఉన్నాడుగా, జలపాతం ఎండినప్పట్నుంచీ. ఇంత దూరం వచ్చిన జనానికి ఏదో ఒకటి చూపించాలి కదమ్మా. నువ్వు కూడా ఆ పక్కన ఒక చుక్క పెట్టుకో, వెతుక్కునే బాధ తప్పుతుంది."

ఆయన చెడ్డవాడేం కాదు. ఆ తాత ఎవరో ఆయనకి తెలీదు. ఆమె చెప్పలేకపోయింది. కాదండీ అని పైన ఒకసారి అన్నాక, కింద అవునని ఏ మొహంతో అంటుంది? పైకెళ్ళి దుర్భిణికి గుడ్డ కప్పేసి, మేఘం దిగింది, ఇవాళ్టికి లేదని అందర్నీ పంపేసింది. ఆకాశం అద్దంలా ఉంది. వచ్చినవాళ్ళు దాన్నీ ఆమెనీ మార్చి మార్చి చూసి, సణుక్కుంటూ పోయారు.

ఇంటికొచ్చేసరికి జీపు తోలే మొగుడు వాకిట్లో చక్రం విప్పుకుంటున్నాడు. చెబితే, "మీ వదినతో పోట్లాటకి కొత్త సాకు దొరికిందా?" అని నవ్వబోయి, ఆమె మొహం చూసి పానా కింద పెట్టేశాడు.

"మీ అన్న మొన్నేగా కనపడ్డాడు. నాన్నకేం, రాయిలా ఉన్నాడన్నాడు."

"నాతోనూ అదే అన్నాడు."

అన్న యాత్రికుల గుడారాలు మోసుకుంటూ శిఖరం దారిలో తిరుగుతుంటాడు. దిగినప్పుడల్లా బురుజు దగ్గర ఆగి, చెల్లెలు పోసిన టీ తాగి, నాన్నకేం అని పోతాడు. ఫోను చేద్దామంటే ఆ ఇంటికి సిగ్నలే అందదు. మొగుడు ఒక్క నిమిషం ఆలోచించి, "పొద్దున్నే వంతెన దాకా దింపుతాను. వెళ్ళి చూసిరా. చూడకుండా మాత్రం నోరు పారేసుకోకు," అన్నాడు.

"చూశాగా! ఇంకేం చూడాలి? ఊరంతా చూసింది!" అని అరిచింది ఆమె. అరిచి, ఏడ్చింది.

ఒకప్పుడు ఆ ఇంటికి బురుజు కింద నుంచే కాలిబాట ఉండేది. అది వేసినవాడు, ఏటేటా వానలకి కొట్టుకుపోయిన మెట్లు మళ్ళీ చెక్కి నిలబెట్టినవాడు ఆమె తండ్రే. ముందటేడు వానలకి లోయ అంచు మొత్తం జారి ఆ బాట సగం గాల్లో కలిసిపోయింది. ఇప్పుడు జీపులో చుట్టూ తిరిగి వంతెన దగ్గర దిగి, అక్కణ్ణించి ఎక్కాలి. దూరపు కొండలు నునుపు అన్నవాళ్ళు ఇలాంటి కొండే ఎక్కి ఉంటారు. బురుజు మీద నుంచి పచ్చ దుప్పటిలా కనిపించేదంతా దగ్గరికొస్తే ముళ్ళు, జారుడు రాళ్ళు, జలగలు.

ఎక్కుతున్నంతసేపూ ఆమె వదినని కడిగేస్తూనే ఉంది. మలుపుకో మాట తయారైంది. ఒక మలుపులో, నీ కన్నతండ్రినైతే ఇలాగే కట్టేస్తావా అని అడిగింది. పై మలుపులో, తాడు కొనడానికి చేతులెలా వచ్చాయి అని అడిగింది. ఇంకా పైకి వెళ్ళాక, నిన్నూ అదే గుంజకి కట్టి ఊరందరికీ చూపిస్తాను అంది. ఆ మాట ఆమెకి బాగా నచ్చి, ఆయాసం తీర్చుకోవడానికి ఆగినప్పుడల్లా దాన్నే మళ్ళీ అనుకుంది.

ఊళ్ళో ఇళ్ళన్నీ తాళాలు. జనమంతా యాత్రికులకి టీలు అమ్మడానికీ వానకోట్లు అద్దెకివ్వడానికీ రోడ్డు పక్కకి వెళ్ళిపోయారు. కొసన తన ఇల్లు. వాకిట్లో నాన్న.

అద్దంలో చూసినట్టే ఉన్నాడు. కాదు, ఇంకా చిక్కిపోయి ఉన్నాడు. ఎండకి చెంపలు నల్లగా కమిలాయి. నడుముకి తాడు ఒరుసుకోకుండా కింద మడతపెట్టిన దుప్పటి గుడ్డ చుట్టి ఉంది గానీ, ఆమె కంట్లో తాడే పడింది.

"నాన్నా!"

ఆయన లేచి నిలబడి, తలగుడ్డ సర్దుకుని, చాలా మర్యాదగా నవ్వాడు. "రండమ్మా, రండి. జలపాతం చూడ్డానికేనా?"

"నాన్నా, నేను. బుల్లిని."

"మంచి పేరు. ఒక్కరే వచ్చారా? మగవాళ్ళు వెనకాల వస్తున్నారా?"

నాన్నకేం అన్నాడే అన్న! ఆమె ఏం చెయ్యాలో తెలీక, చెయ్యగలిగిన పని ఒక్కటే కనిపించి తాడు మీద పడింది. నడుము దగ్గర ముడి వీపు వెనక బిగుసుకుపోయి ఉంది, గోళ్ళు విరిగాయి గానీ రాలేదు. గుంజకున్న ముడి మాత్రం విప్పేసింది. వదిన ఎక్కడా కనపడలేదు. ఇంటి వెనక ఊట దగ్గర బిందె చప్పుడు వినిపించింది. రానీ, వచ్చి చూసుకోనీ అనుకుంది.

తాడు వదులైన సంగతి ఆయన నడుముకి వెంటనే తెలిసింది. "పదండి మరి. నా వెనకాలే రండి, జారే చోట నేను చెప్తాను," అన్నాడు.

నడిచాడు. ఎంత బాగా నడిచాడని! ఏ రాయి మీద కాలెయ్యాలో, ఎక్కడ పక్కకి ఒరగాలో అరికాళ్ళకే తెలిసినట్టు, పెళ్ళికి ముందు ఆమెని వెంట తీసుకెళ్ళిన నాన్న లాగే నడిచాడు. "ఈ మెట్టు నేనే చెక్కానమ్మా. ఇక్కడ తలొంచండి. అదుగో, ఆ కనపడేదే ఏనుగు తల." తాడు పాములా ఆయన వెనక ఈడ్చుకుంటూ వస్తోంది. ఇంత చక్కగా నడిచే మనిషినా కట్టేసింది ఆ మహాతల్లి అని ఆమె కళ్ళు తుడుచుకుంటూ వెనకే నడిచింది. అందుకే మలుపు చూసుకోలేదు.

మలుపు తిరిగాక బాట లేదు. బాట ఉండాల్సిన చోట గాలి ఉంది. కింద ఎక్కడో చెట్ల తలలు.

ఆయన నడక తగ్గించలేదు. "ఇక్కడ మెట్టు కొంచెం లోతు," అని చెప్పి, లేని మెట్టు మీద కాలు వేశాడు.

ఆమె ఎలా పట్టుకుందో ఆమెకే తెలీదు. చొక్కా చేతికొచ్చి చిరిగిపోయింది. ఆమె బోర్లా పడి, ఆయన భుజం దొరికి, ఆ భుజంతోపాటు తనూ జారుతూ, గడ్డి పట్టుకుంటే గడ్డి ఊడిరావడం చూసింది. అప్పుడు వెనక తాడు ఒక్కసారిగా బిగిసింది. ఆయన నడుము దగ్గర తాడు పట్టి ఆగిపోయాడు. ఆమె తల తిప్పితే, మలుపులో ఉన్న మోడుకి తాడు చుట్టేసి, పాదాలు రాతికి తన్ని, వెనక్కి వాలి వదిన ఉంది.

"భుజం వదిలెయ్. చంకల కింద పట్టుకో. ఆఁ, ఇప్పుడు లాగు," అంది వదిన, పిండి రుబ్బడం చెప్పినంత మామూలుగా.

ఇద్దరూ కలిసి ఆయన్ని పైకి లాగారు. ఆయన కూర్చుని, మోకాళ్ళు దులుపుకుని, ముందున్న గాలి కేసి చూస్తూ, "ఇక్కడ కాస్త పని మిగిలిపోయింది. రేపు మనుషుల్ని పెడతాను," అన్నాడు.

ఇంటికి తీసుకొచ్చి మంచం మీద పడుకోబెడితే చంటిపిల్లాడిలా నిద్రపోయాడు. దుర్భిణి అక్కకి మలుపు మలుపుకీ తయారుచేసుకున్న మాటల్లో ఒక్కటీ గుర్తురాలేదు. వదిన కుడిచేతి మణికట్టుకి కట్టుకున్న గుడ్డ విప్పుతోంది. మణికట్టు ఊదారంగులో, లావుగా, చేతిది కానట్టు ఉంది.

"ఇప్పుడే బెణికిందా?"

"ఇది పాతదేలే. ఇలా లాగినప్పుడల్లా కొంచెం కొంచెం పోయింది. ఇప్పుడు వేళ్ళు ముడుచుకోవడం లేదు."

"ఆస్పత్రికి వెళ్ళలేదా?"

"ఈయన్ని ఎవరికి అప్పజెప్పి వెళ్ళను? తాళాలకా?" వదిన ఎడంచేత్తో గుడ్డ తడిపి చుట్టుకుంటూ అంది. "పొద్దున లేస్తే పనికి వేళైందని బయల్దేరతాడు. తలుపేస్తే గడియ పీకేస్తాడు. గునపం దాచాను, చేతులతో తవ్వుతాడు. తాడు కడతానంటే మాత్రం కాదనడు."

దుర్భిణి అక్కలో కోపం చివరి ముక్క ఒకటి మిగిలి ఉంది. అది కూడా పోతే ఆసరా ఏముంటుంది అనుకుందో ఏమో, దాన్ని పట్టుకుంది. "కట్టావు సరే వదినా. కాదనను. పెరట్లో అంత చెట్టు, అంత నీడ. మండుటెండలో, వాకిట్లో కట్టాలా? జనం చూసి నవ్వుతున్నారు తెలుసా?"

వదిన కట్టు కట్టుకోవడం ఆపి ఆమె కేసి చూసింది. ఎగతాళి చేస్తోందేమోనని చూసినట్టు చూసింది.

"నీకు కనపడాలనేగా."

"నాకా?"

"పోయినసారి వచ్చినప్పుడు ఇక్కడే నిలబడి ఏమన్నావు? 'వదినా, నా కన్ను మీ వాకిట్లోనే ఉంటుంది. నువ్వు చీపురు పట్టుకున్నా నాకు తెలుస్తుంది' అన్నావు. ఆడపడుచు అర్ధమొగుడు అని ఊరికే అన్నారా అనుకుని, అప్పట్నుంచీ రోజూ వాకిలి రెండుసార్లు ఊడ్చాను. జుట్టు విరబోసుకుని గుమ్మం దాటలేదు. ఆ అద్దం కేసి చూసి తిట్టుకున్నాను కూడా, నీ దగ్గర దాపరికం ఎందుకు?" వదిన మళ్ళీ కట్టు అందుకుని, ముడిని పళ్ళతో బిగించింది. "తర్వాత ఈయన ఇలా అయ్యాడు. బుల్లికి కబురు పెట్టమంటే మీ అన్న దానికెందుకు బెంగ అంటాడు. సరే, కబురెందుకు, అది రోజూ చూస్తూనే ఉంటుందిగా అనుకున్నాను. పెరట్లో కడితే నీకు కనపడడని ముందు కట్టాను. నీ వైపు మొహం పెట్టి కూర్చోబెట్టేదాన్ని. మామయ్యా, బుల్లి చూస్తోంది, చెయ్యి ఊపండి అంటే ఊపేవాడు. బుల్లి ఎవరని అడిగేవాడు కాదు. ఊపేవాడు."

దుర్భిణి అక్కకి బురుజు మీద నవ్వి, తిరిగి చెయ్యి ఊపిన ఆవిడ మొహం కళ్ళ ముందుకొచ్చింది.

"ఇవాళ వస్తుంది, రేపు వస్తుంది అని చూశాను," అంది వదిన. "చూస్తూ కూడా రావడం లేదంటే ఎంత రాతిగుండె అనుకున్నాను."

"నేను చూళ్ళేదు వదినా."

"ఎప్పుడు?"

"ఎప్పుడూ చూళ్ళేదు. ఊరికే అన్నాను ఆ మాట. వేరేవాళ్ళకి చూపిస్తానంతే."

"ఒక్కసారి కూడానా?"

వదిన ఏడవలేదు, తిట్టలేదు. నోరు కొంచెం తెరుచుకుని అలాగే ఉండిపోయింది. ఇన్నాళ్ళూ ఎవరో తోడున్నారనుకుని చీకట్లో నడిచి, వెనక్కి తిరిగితే ఎవరూ లేరని తెలిసిన మనిషి మొహం అది. ఆ మొహం చూడటం కంటే ఆ గాల్లోకి జారిపోవడమే నయమనిపించింది దుర్భిణి అక్కకి.

మర్నాడు పొద్దున్నే వదిన తల దువ్వుకుని, మంచి చీర కట్టుకుని, ఆడపడుచు చేత కొంగు సర్దించుకుని ఆస్పత్రికి బయల్దేరింది. వంతెన దగ్గర జీపుతో మొగుడు ఉంటాడు. అక్కడే తన ఇంట్లో చెయ్యి బాగయ్యేదాకా ఉండమంది దుర్భిణి అక్క. గుమ్మం దాటాక వదిన వెనక్కి తిరిగి ఏదో చెప్పబోయి, వద్దులే అనుకుని దిగిపోయింది. ఏం చెప్పబోయిందో అరగంటలోనే తెలిసొచ్చింది.

నాన్న లేచి, మొహం కడుక్కుని, తలగుడ్డ చుట్టుకుని, "వేళైంది," అన్నాడు.

ఆమె కబుర్లు చెప్పింది. వింటూనే గుమ్మం వైపు నడిచాడు. చెయ్యి పట్టుకుంది. మెత్తగా విడిపించుకున్నాడు. తలుపేసి దానికి వీపు ఆనించి నిలబడింది. "పక్కకి జరగమ్మా, పనివాళ్ళు ఎదురుచూస్తుంటారు," అని ఒక్క చేత్తో ఆమెని తప్పించి గడియ తీశాడు. ఆ చేతిలో ఇంకా అంత బలం ఉందని ఆమె అనుకోలేదు. పొయ్యి మీద ఎసరు పొంగి మంట ఆరిపోయింది. బిందెలో చుక్క నీళ్ళు లేవు. ఊట దాకా వెళ్ళి రావాలంటే...

తాడు గోడకి వేలాడుతోంది.

తీసుకుంది. ఆయన్ని పెరట్లోకి, చెట్టు నీడలోకి నడిపించింది. బురుజు నుంచి ఆ చోటు కనపడదు. ఇవాళ ఎర్రటోపీలు ఎంతమంది వచ్చి ఎంత వెతుక్కున్నా ఉత్త వాకిలే కనపడుతుంది. తాడు చూడగానే ఆయన రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాడు. లోయ అంచున పని చేసేవాళ్ళు నడుముకి తాడు కట్టించుకునేటప్పుడు అలాగే నిలబడేవాళ్ళు. దుప్పటి గుడ్డ చుట్టి, దాని మీద తాడు వేసి, కన్నీళ్ళలో సరిగ్గా కనపడకుండానే ముడి వేసింది.

ఆయన తలొంచి చూసుకుని, నాలుక చప్పరించాడు. "ముందుకి వేశావేంటమ్మా ముడి? ముందుంటే ఎండకి విసుగేసి విప్పేసుకుంటారు. అలా విప్పుకునే ఒకడు పోయాడు. వెనక్కి వెయ్యి, చెయ్యి అందకూడదు."

విప్పి, వెనక్కి వేసింది.

"ఇంకో చుట్టు."

ఇంకో చుట్టు చుట్టింది. ఆయన రెండడుగులు ముందుకేసి, ఒంటి బరువంతా వేసి లాగి చూశాడు. చెట్టు కదల్లేదు, ముడి కదల్లేదు. తృప్తిగా తలాడించాడు. "ఇప్పుడు గట్టిగా ఉంది. ఇంక నా గురించి భయం లేదు. మీరు వెళ్ళి జలపాతం చూసుకోండి. ఇంత దూరం వచ్చారు, చూడకుండా పోకండి."

ఆమె బిందె చేతిలోకి తీసుకుని రెండడుగులు వేసి, వెనక్కి వచ్చింది. బిందె కింద పెట్టేసి, ఆయన ఎదురుగా నేల మీద కూర్చుంది.

"ఇక్కణ్ణించే చూస్తానండీ," అంది.